ఆ దీపం వెలుగులో లెక్కల పుస్తకం

మే 12వ తేదీ వచ్చిందంటే ఆస్పత్రుల్లో నర్సులంతా తెల్లటి దుస్తుల్లో వరసగా నిలబడి, దీపాలు చేతబట్టుకుని ప్రతిజ్ఞ చేస్తారు. ఆ రోజు ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. మనందరికీ చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో పరిచయమైన మనిషే. యుద్ధంలో గాయపడిన సైనికుల మంచాల మధ్య అర్ధరాత్రి దీపం పట్టుకుని తిరిగిన దయామయి. పాఠం అక్కడితో అయిపోయేది. పరీక్షలో ఆ రెండు ముక్కలూ రాస్తే మార్కులు పడిపోయేవి.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆమె బతికింది 90 ఏళ్ళు. యుద్ధం దగ్గర గడిపింది నిండా రెండేళ్ళు కూడా కాదు. మరి మిగతా జీవితమంతా ఏం చేసింది? చాలామందికి తెలియని జవాబు ఏమిటంటే, లెక్కలు కట్టింది! ఏ ఊళ్ళో ఎంతమంది చనిపోతున్నారు, ఏ రోగంతో పోతున్నారు, వాళ్ళు తాగే నీళ్ళెక్కడివి, వాళ్ళ మురుగు ఎటు పోతోంది అని ప్రశ్నలు తయారుచేసి, వందల చోట్లకి పంపి, వచ్చిన జవాబుల్ని వడబోసి, అందులోంచి నిజాన్ని బయటికి లాగింది. ఈ రోజుల్లో ఆరోగ్య సర్వే అంటున్నామే, దానికి పునాదిరాళ్ళు వేసినవాళ్ళలో ఆమె ఒకతె. దీపంతో ఊరట పొందినవాళ్ళు కొన్ని వేలమంది అయితే, ఆ లెక్కలతో బతికినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు.

పెళ్ళికి పనికిరాని చదువు

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. అక్కయ్య నేపుల్స్‌లో పుడితే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపీ అని ఆ పిల్లకి పెట్టారు. కలిగిన కుటుంబం. ఇంగ్లండులో వేసవికో ఇల్లు, చలికాలానికో ఇల్లు. తండ్రి విలియం నైటింగేల్ చదువుకున్నవాడు. ఇద్దరు ఆడపిల్లల్నీ కూచోబెట్టి గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం తనే చెప్పాడు. ఆడపిల్లలకి కుట్లూ అల్లికలూ పియానో తప్ప మరేమీ నేర్పని రోజుల్లో అది పెద్ద విశేషమే.

ఇంత చదివినా ఆ పిల్ల మనసంతా లెక్కల మీదే ఉండేది. తనకి గణితం నేర్పించమని అడిగేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. రేపు పెళ్ళయి వెళ్ళిపోయే పిల్లకి గణితమెందుకని తల్లి ఫానీ అభ్యంతరం. అప్పుడు పిల్ల తరఫున మాట్లాడింది మేనత్త మే. ఈ మేనత్త సంబంధం మనకి బాగా తెలిసిన రకమే. ఆవిడ తండ్రికి చెల్లెలు, తల్లికి తమ్ముడి భార్య కూడా. అచ్చంగా మన కుండమార్పిడి! మొత్తానికి మేనత్త పూనుకుంటేగానీ ఆ పిల్లకి లెక్కల పాఠాలు దొరకలేదు.

రోగులకి సేవ చేస్తానని చెప్పినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ ఎదురు తిరిగారు. ఆ రోజుల్లో ఆస్పత్రి నర్సంటే చదువూ గౌరవమూ లేని పని. పెద్దింటి పిల్ల ఆ మాట ఎత్తడమే అప్రతిష్ఠ. పగలంతా విందులు, వచ్చేపోయే చుట్టాలు, ఉబుసుపోక కబుర్లు. ఆ పిల్లకి తనదంటూ ఒక్క గంట మిగిలేది కాదు. అందుకని తెల్లవారకముందే లేచి, శాలువా కప్పుకుని, కొవ్వొత్తి వెలుగులో ప్రభుత్వ ఆరోగ్య నివేదికలూ ఆస్పత్రుల లెక్కలూ చదివి నోటు పుస్తకాలు నింపేది. ఇంట్లోవాళ్ళు ఫలహారాలకి లేచేసరికి ఏమీ ఎరగనట్టు కిందికి దిగి వచ్చేది. ఎన్నో ఏళ్ళు అలా గడిచాయి. పాఠ్యపుస్తకం చూపించిన దీపం యుద్ధం నాటిది. ఆమె వెలిగించిన మొదటి దీపం ఇదీ!

తొమ్మిదేళ్ళు తన కోసం ఎదురుచూసిన రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే పెద్దమనిషిని, ఇష్టం ఉండి కూడా, 1849లో కాదంది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూణ్ణెల్లు శిక్షణ పొందింది. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో జబ్బుపడిన ఆడవాళ్ళ కోసం నడిపే చిన్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలైంది. అప్పటికి 33 ఏళ్ళు.

మూడు రిజిస్టర్లు, మూడు లెక్కలు

1854లో క్రిమియా యుద్ధం. బ్రిటిష్ సైనికులు ఆస్పత్రుల్లో దిక్కులేకుండా చనిపోతున్నారని పత్రికల్లో వచ్చేసరికి దేశం అట్టుడికిపోయింది. యుద్ధశాఖ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకి స్నేహితుడే. నర్సుల్ని వెంటబెట్టుకుని వెళ్ళమని కోరాడు. 38 మందితో బయల్దేరి నవంబర్ 4న టర్కీలోని స్కుటారి చేరింది.

అక్కడ కనిపించిన దృశ్యాన్ని మన పాఠం కొంత చెప్పింది. చెప్పనిది ఇంకొకటుంది. చనిపోయినవాళ్ళ వివరాలు అక్కడ మూడు రిజిస్టర్లలో రాసేవారు. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవదు! ఏ రోగంతో పోయారో సరిగా రాసేవాళ్ళు కారు. లెక్క లేకుండానే పూడ్చిపెట్టినవాళ్ళూ ఉన్నారు. చొక్కాలూ దుప్పట్లూ వంట సరుకులూ సమకూర్చుకుంటూనే, ఆమె ఈ లెక్కల్ని కూడా దారిలో పెట్టడం మొదలెట్టింది. ఇంట్లో తండ్రో అన్నో చనిపోతే ఆ వార్త అందుకోవలసిన తల్లులూ భార్యలూ ఉంటారు కదా. రిజిస్టర్లో పేరు లేకపోతే వాళ్ళకి ఆ కబురు కూడా చేరదు.

1855 ఫిబ్రవరిలో స్కుటారిలో మరణాల రేటు నూటికి 42. మార్చిలో ఇంగ్లండు నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. ఆస్పత్రి అడుగున కుళ్ళిన మురుగు కాలవల్ని శుభ్రం చేయించారు. నీళ్ళు వచ్చే దారి బాగుచేశారు. గాలి ఆడేట్టు చేశారు. గోడలకి సున్నం వేయించారు. జూన్ వచ్చేసరికి ఆ 42 కాస్తా 2కి దిగింది.

1856 ఆగస్టులో ఎవరికీ చెప్పకుండా, ఊరేగింపులేవీ లేకుండా ఇంటికి చేరింది. దేశమంతా ఆమె బొమ్మల్ని పూజిస్తోంది. ఆమె మనసు మాత్రం తను వదిలి వచ్చిన సమాధుల దగ్గరే ఉండిపోయింది.

తన ఆస్పత్రి గురించి తనే చెప్పిన నిజం

ఆ సంవత్సరమే విలియం ఫార్‌తో పరిచయమైంది. ఈయన పేద వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, వైద్యం చదివి, ఇంగ్లండు జనన మరణాల లెక్కల కార్యాలయంలో పెద్ద గణాంక నిపుణుడయ్యాడు. ఇద్దరూ కూచుని యుద్ధం నాటి కాగితాలన్నీ తిరగేశారు.

యుద్ధం జరుగుతున్నప్పుడు ఆమె కూడా అందరిలాగే అనుకుంది. తిండి లేక, బట్టలు లేక, చలికి వణికిపోయి, ప్రాణం పోయే స్థితిలో ఆస్పత్రికి వచ్చినందువల్లే ఇంతమంది చనిపోయారని ఆమె నమ్మకం. అంకెలు వేరే మాట చెప్పాయి. సైనికుల్ని చంపింది శత్రువుల గుళ్ళకన్నా రోగాలు ఎక్కువ. అందులోనూ మురుగు మీద కట్టిన స్కుటారి ఆస్పత్రిలో చావులు దారుణంగా ఉన్నాయి. అంటే తను రేయింబవళ్ళు సేవ చేసిన చోటే! ఎంత ప్రేమగా గంజి తాగించినా, ఎంత మెత్తగా కట్లు కట్టినా, మంచం కింద మురుగు పారుతుంటే మనిషి దక్కడు.

ఇలాంటి నిజం తెలిసినప్పుడు మనలో ఎంతమందిమి బయటపెడతాం? దేశమంతా దేవతని చేసి కూచోబెట్టిన మనిషికి నోరు మూసుకుని కూచోవడం ఎంత సులువు? ఆమె ఆ పని చేయలేదు. 1858లో 800 పేజీలు దాటిన నివేదిక సిద్ధంచేసి అచ్చువేయించి, తెలియాల్సిన వాళ్ళందరికీ పంపింది. స్కుటారి లెక్కలు అందులోనే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా తేలింది. యుద్ధమేమీ లేని రోజుల్లో, ఇంగ్లండులోనే, తమ బారకాసుల్లో హాయిగా ఉండవలసిన 20 నుంచి 25 ఏళ్ళ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 17 మంది చనిపోతున్నారు. అదే వయసున్న మామూలు మగవాళ్ళలో వెయ్యికి 8 మంది చిల్లర. సైన్యంలోకి ఏరికోరి బలమైనవాళ్ళనే తీసుకుంటారు కదా, మరి వాళ్ళెందుకు రెట్టింపు చనిపోవాలి? ఇరుకు గదులు, చెడ్డ గాలి, చెడ్డ నీళ్ళు. ఒక్క మనిషిని వేరే మనిషితో పోల్చితే ఇది తెలియదు. వయసుకి వయసు సరిపెట్టి వేలమందిని పోల్చితేనే తెలుస్తుంది. ఆమె ఎప్పుడూ వదలని సూత్రం ఇదే.

రంగుల ముగ్గు

అంకెల పుస్తకం పొడిగా ఉండాలన్నది ఫార్ అభిప్రాయం. పొడి అంకెల్ని మంత్రులు చదవరన్నది ఆమె అనుభవం. అందుకని ఒక బొమ్మ గీయించింది. 12 రేకుల పువ్వు ముగ్గుని ఊహించుకోండి. ఒక్కో రేకు ఒక్కో నెల. ఆ నెలలో ఎంతమంది పోతే రేకు అంత పెద్దది. నీలం రంగు నివారించదగిన రోగాలకి, ఎరుపు గాయాలకి, నలుపు ఇతర కారణాలకి. చూడగానే ఎర్రటి ముక్కలు సన్నగా మధ్యలో దాక్కుని ఉంటాయి. నీలం రేకులు కాగితమంతా పరుచుకుని ఉంటాయి. లెక్కలు రానివాళ్ళకి కూడా ఒక్క చూపులో సంగతి అర్థమైపోతుంది. శానిటరీ కమిషన్ వచ్చిన తర్వాత నెలల్లో ఆ నీలం ఎలా కుంచించుకుపోయిందో కూడా!

1858లోనే లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆమే. 1874లో అమెరికా గణాంక సంఘం కూడా గౌరవ సభ్యత్వం ఇచ్చింది.

ఇన్ని చేస్తున్న మనిషి మంచం మీదే ఉందంటే నమ్ముతారా? 1855లో క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెని పూర్తిగా వదల్లేదు. 1857 నుంచి ఎన్నో ఏళ్ళు గదిలోనే, మంచం మీదే గడిపింది. రాజ కమిషన్లలో ఆడవాళ్ళకి చోటు లేదు కాబట్టి, మగవాళ్ళని గదికి పిలిపించుకుని పని చేయించింది. ప్రశ్నలు ఆమెవి, కమిషన్లో అడిగే గొంతులు వాళ్ళవి. ఈ పనిలో కఠినురాలు కూడా. జబ్బుతో ఉన్న సిడ్నీ హెర్బర్ట్‌ని సైతం పని మానుకోనివ్వలేదు. 1861లో ఆయన పోయినప్పుడు కుమిలిపోయింది.

సోలా, తవ్వా కలిపితే

ఆస్పత్రుల లెక్కల సంగతి చూడండి. ఒక ఇంట్లో బియ్యం సోలతో కొలుస్తారు, పక్కింట్లో తవ్వతో కొలుస్తారు. ఇద్దరూ నాలుగేసి కొలతలు పోశామంటే ఎవరింట్లో ఎక్కువ వండారో చెప్పగలమా? అప్పటి ఆస్పత్రులు అలాగే ఉండేవి. ఒకరు ఒక రోగానికి ఒక పేరు పెడితే ఇంకొకరు ఇంకో పేరు. ఒకచోట చావుబతుకుల్లో ఉన్న రోగిని ఇంటికి పంపించేసి తమ ఆస్పత్రిలో చావులు తక్కువని చెప్పుకోవచ్చు. అందుకని అన్ని ఆస్పత్రులకీ ఒకే ఫారం, రోగాలకి ఒకే పట్టిక ఉండాలని నమూనా తయారుచేసింది. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ దాన్ని ఆమోదించింది. లండన్ ఆస్పత్రులు కొన్ని మొదలెట్టాయి కూడా. కానీ ఫారం నింపడం మరీ చాకిరీగా ఉందని కొన్నాళ్ళకి మానేశాయి.

1861 జనాభా లెక్కల్లో, ఆ రోజున ఇంట్లో ఎంతమంది జబ్బుగా ఉన్నారు, ఇల్లు ఎలాంటిది అనే ప్రశ్నలు చేర్చమని ఆమె పోరాడింది. ఇంటికీ జబ్బుకీ ఉన్న సంబంధం తేలుతుందని ఆమె ఆశ. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఏ ఆరోగ్య సర్వే చూసినా మొదట అడిగేవి నీళ్ళెక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఎన్ని గదులు అనే ప్రశ్నలే!

ఆమెకీ పొరపాటు జరిగింది. 1863లో ఆమె ఆస్పత్రుల పుస్తకంలో ఫార్ కట్టిన ఒక పట్టిక వేసింది. ఏడాది పొడుగునా చనిపోయినవాళ్ళ సంఖ్యని, ఏదో ఒక్క రోజున మంచాల మీద ఉన్నవాళ్ళ సంఖ్యతో భాగించి కట్టిన లెక్క అది. దాని ప్రకారం లండన్ ఆస్పత్రుల్లో మరణాలు నూటికి 90 దాటాయి! ఏడాదిలో వచ్చి నయమై వెళ్ళినవాళ్ళంతా ఆ లెక్కలోంచి జారిపోయారు. డాక్టర్లు మండిపడ్డారు, అందులో న్యాయం ఉంది. ఎంతమందిలో ఎంతమంది అన్నది తప్పితే అంకె ఎంత పెద్ద అబద్ధమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన దేశానికి వచ్చిన ప్రశ్నలు

మన దేశంలో ఆమె అడుగుపెట్టలేదు. అయినా తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా మన దేశమే ఆమె పని. 1859లో భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద రాజ కమిషన్ వేశారు. ఇక్కడి స్థావరాలన్నిటికీ పంపాల్సిన ప్రశ్నల పత్రం ఆమె తయారుచేసింది. నీళ్ళు బావివా, చెరువువా? ఎవరు తోడతారు, ఎందులో మోస్తారు? మురుగు ఎటు పోతుంది? పడక గదిలో మనిషికెంత చోటుంది? పక్కన బజారు ఎలా ఉంది? సారా ఎంత తాగుతారు? అన్ని చోట్లకీ ఒకే ప్రశ్నలు. ఒకచోటి జవాబుని ఇంకోచోటి జవాబు పక్కన పెట్టి చూడాలిగా!

జవాబులు బండ్లకెత్తేటన్ని వచ్చాయి. మన సికిందరాబాదు కూడా ఆ స్థావరాల్లో ఒకటి. డాక్టర్ సదర్లాండ్‌తో కలిసి ఆమె అవన్నీ చదివింది. బ్రిటిష్ సైనికులు ఏడాదికి సగటున వెయ్యికి 69 మంది ఇక్కడ చనిపోతున్నారని తేలింది. ఇది ఎండల తప్పు, ఈ దేశపు వాతావరణం తప్పు అని అప్పటిదాకా అందరూ సరిపెట్టుకున్నారు. కాదు, మురుగు కాలవలు లేకపోవడం, శుభ్రత లేని నీళ్ళు, ఇరుకు బారకాసుల తప్పని ఆమె తేల్చింది. తోలు తిత్తులతో నీళ్ళు మోసే భిస్తీల బొమ్మలు కూడా వేయించి మరీ చూపించింది.

1863లో రెండువేల పేజీలు దాటిన నివేదిక వచ్చింది. తర్వాత అందరూ చదవడానికని వేసిన చిన్న ప్రతిలో ఆమె రాసిన భాగం లేదు! స్థావరాల జవాబులూ లేవు. ఇంత చాకిరీ చేసి ఊరుకునే మనిషా? తన భాగాన్ని విడిగా పుస్తకం వేయించి పంచిపెట్టింది. పదేళ్ళ తర్వాత, 1873లో, ఆ 69 కాస్తా 18కి తగ్గిందని ఆమే లెక్క చూపించింది.

సైనికులతో మొదలైన చూపు మెల్లిగా బారకాసు గోడ దాటి మన పల్లెల మీద పడింది. పక్క ఊరి చెరువు కుళ్ళిపోతే సైనికుడు ఒక్కడే ఎలా బాగుంటాడు? అక్కణ్ణుంచి సాగునీటి మీదికి వెళ్ళింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌కి ఇంగ్లండులో గట్టిగా అండగా నిలిచినవాళ్ళలో ఆమె ఒకతె. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమని, మద్రాసు రాజధానిని మాడ్చేసింది. కాలవలున్న గోదావరి, కృష్ణా డెల్టాలు నిలబడ్డాయి. రైళ్ళ మీద పెట్టిన ఖర్చెంత, కాలవల మీద పెట్టిందెంత, దేనివల్ల ఎంత మేలు జరిగిందని లెక్కలడిగి మంత్రుల్ని విసిగించింది. 1878లో మన రైతుల అప్పులూ ఆకలీ గురించి ఇంగ్లండు పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. ఆ కరువు రోజుల్లో మన కోసం అంత దూరంలో మంచం మీద ఒకావిడ అంకెలు కూడుతూ కూచుందని మన ముత్తవ్వలకి తెలియదు పాపం.

పురిటి మంచం లెక్క

ఇన్ని పనుల్లోనూ నన్ను కదిలించింది మాత్రం మరొకటి. 1861లో ఆమె పేరున పోగైన నిధితో లండన్ కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో ఒక పురుళ్ళ వార్డు తెరిచారు. పేద స్త్రీలకి పురుళ్ళు పొయ్యడానికి, మంత్రసానులకి శిక్షణ ఇవ్వడానికి. మంచి పనే కదా. కానీ సూతికా జ్వరం వచ్చి బాలింతలు చనిపోవడం మొదలైంది. 1867లో వార్డు మూసేశారు.

ఆమె అక్కడితో వదల్లేదు. అసలు పురిట్లో ఎంతమంది తల్లులు చనిపోవడం మామూలని అడిగింది. జవాబు చెప్పేవాళ్ళు లేరు! లోకంలో అందరూ పురిట్లోంచే వచ్చారు, అయినా పురిట్లో పోయిన తల్లుల లెక్క సరిగా కట్టినవాళ్ళు లేరు. ఇంగ్లండులో, ఐరోపాలో ఎక్కడెక్కడి ఆస్పత్రుల లెక్కలో మూడేళ్ళు పోగుచేసింది. ఆ లెక్కలెంత అతుకులబొంతో ముందే పాఠకులకి చెప్పి, అప్పుడు ఫలితం చెప్పింది. ఇంగ్లండు మొత్తం మీద వెయ్యి పురుళ్ళకి సుమారు 5 మంది తల్లులు పోతుంటే, తన పేరున నడిచిన వార్డులో సుమారు 33 మంది పోయారు. అంటే ఆ రోజుల్లో మహానగరంలోని ఆస్పత్రి కన్నా పేదింటి చాపే తల్లికి క్షేమం!

1871లో ఈ పుస్తకం వచ్చింది. దాన్ని సోక్రటీసు తల్లికి అంకితమిచ్చింది. ఆ మహాతల్లి మంత్రసాని. మళ్ళీ తన సొంత వార్డు తప్పుని తనే అంకెల్లో పెట్టింది చూశారా! స్కుటారి తర్వాత ఇది రెండోసారి. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికింకా లోకానికి తేటతెల్లం కాలేదు. ఆ మాట నమ్మడానికి ఆమె కూడా చాలా కాలం తీసుకుంది. కారణం పూర్తిగా తెలియకపోయినా, గుంపుగా ఉంచితే చావులు పెరుగుతున్నాయని, ఆస్పత్రి రోగులతో కలపకుండా ఒక్కొక్కరినీ విడిగా శుభ్రంగా ఉంచాలని లెక్కల నుంచే పట్టుకుంది. మన రోజుల్లో శుభ్రతా మందులూ వచ్చాక ఆస్పత్రి కానుపే క్షేమమైంది. అదీ లెక్కలు చెప్పిన మాటే.

తలుపు తట్టినప్పుడు

1891లో ఆక్స్‌ఫర్డ్‌లో గణాంక శాస్త్రానికి ఒక ఆచార్య పీఠం పెట్టించాలని ఫ్రాన్సిస్ గాల్టన్‌తో కలిసి ప్రయత్నించింది. ప్రభుత్వం చట్టాలు చేస్తుందిగానీ, వాటివల్ల జనానికి మేలు జరిగిందో లేదో లెక్క చూసే అలవాటు పాలకులకి లేదని, అది చదువులోనే నేర్పాలని ఆమె తపన. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి స్త్రీ అయింది. అప్పటికి చూపు పోయింది. 1910 ఆగస్టు 13న నిద్రలోనే కన్నుమూసింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో రాజుల పక్కన సమాధికి చోటిస్తామన్నా, ఆమె కోరిక ప్రకారం కుటుంబం ఒప్పుకోలేదు. సొంత ఊరి చర్చి ఆవరణలో రాతి మీద రెండు పొడి అక్షరాలూ, పుట్టిన, పోయిన తేదీలూ మాత్రమే ఉంటాయి. అక్కడా అంకెలే!

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన దేశంలో 1992-93లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగింది. తర్వాత మళ్ళీ మళ్ళీ చేశారు. ఎంపిక చేసిన ఇళ్ళల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని కూచోబెట్టి అడుగుతారు. ఎన్ని కాన్పులు, ఎంతమంది పిల్లలు దక్కారు, పోయినవాళ్ళు ఎన్ని నెలల్లో పోయారు, కాన్పు ఎక్కడైంది, నీళ్ళెక్కడివి? 1998-99 నుంచి 2019-21 సర్వే దాకా వేలి మీద రక్తపు చుక్క తీసి రక్తహీనత ఉందేమో కూడా చూశారు.

అప్పుడు మనమేం చేస్తాం? పొయ్యి మీద కూర మాడుతోందని విసుక్కుంటాం. పక్కనున్న అత్తగారో ఆయనో మన తరఫున జవాబు చెప్పేస్తుంటే ఊరుకుంటాం. కడుపులో పోయిన బిడ్డ సంగతి చెప్పడానికి సిగ్గుపడి, చెప్పి ఏం ప్రయోజనంలే అని దాటేస్తాం. నీరసంగా ఉంటుందా అంటే ఆడవాళ్ళకి అది మామూలేగా అని నవ్వేస్తాం. అలా దాటేసిన ప్రతి జవాబుతోనూ ఒక లెక్క తప్పుతుంది. ఎన్ని నీరసాలు మామూలని కొట్టిపారేస్తే, మన ఆడవాళ్ళ రక్తహీనత ఎవరి కంట పడుతుంది? ఏ పురిట్లో ఏ తల్లి ఎందుకు పోయిందో రాయకపోతే, రేపు అదే దారిన పోయే ఇంకో తల్లిని ఆపేదెలా?

ఫారం చేతబట్టుకుని ఎండలో తిరిగి వచ్చిన ఆ అమ్మాయి మన తలుపు తట్టినప్పుడు ముందు ఒక గ్లాసు మంచినీళ్ళిద్దాం. పొయ్యి కాసేపు కట్టేసి, పక్కన కూచుని, మన సంగతి మన నోటితోనే నిజంగా చెబుదాం. ఆమె చేతిలో ఉన్న ఆ కాగితం, తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగులో దొంగచాటుగా లెక్కలు చదువుకున్న ఒక పిల్ల దగ్గర్నుంచి నడిచొచ్చిందని గుర్తుంటే చాలు.